కోట కాదు, ముందు తిరుగు బస్సు చూడండి

ప్రశ్న: మాది నల్లగొండ. నేను, మా వారు, 12 ఏళ్ల పాప, ఏడేళ్ల బాబు, మా అత్తమ్మ - ఐదుగురం. పాఠంలో కోటల గురించి చదివినప్పటి నుంచి బాబు "నిజం కోట చూపించు" అని ప్రాణం తీస్తున్నాడు. పాపకు మాత్రం ఫోను తప్ప ఏదీ పట్టదు. మాకు కారు లేదు. అద్దె కారు అడిగితే రోజుకు చెప్పిన ధర విని ఊరుకున్నాం. దసరా సెలవుల్లో బస్సులు, రైళ్లలోనే కోటలు చూసి రావడం కుదురుతుందా? రాచకొండ, భువనగిరి, దేవరకొండ, గద్వాల - నాలుగూ మూడు రోజుల్లో చుట్టేయవచ్చని మా వారి లెక్క. అత్తమ్మకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లలేం. ఆమెతో నేను కింద కూర్చుంటాను, వాళ్లు ఎక్కి చూసి వస్తారు, అది ఫర్వాలేదు. మా ఆడబిడ్డ మహబూబ్‌నగర్‌లో ఉంటుంది, రాత్రి ఆగడానికి ఇబ్బంది లేదు.
- ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: అమ్మా, కుదురుతుంది. మీ వారి లెక్కలో లోపం ఒక్కటే, అది కారున్నవాళ్ల లెక్క. కారున్నవాళ్లు కోటను చూసి బయలుదేరతారు. బస్సువాళ్లు తిరుగు బస్సును చూసి బయలుదేరాలి. సాయంత్రం మిమ్మల్ని ఇంటికి చేర్చే బస్సు ఎన్నింటికి? ఆ బస్టాండుకు కోట ఎంత దూరం? దిగడానికి ఎంతసేపు? ఇలా వెనక నుంచి లెక్క కట్టుకుంటూ వస్తే, పొద్దున ఎన్నింటికి ఇల్లు కదలాలో దానంతట అదే తేలుతుంది. ఆ లెక్కలో రోజుకు ఒక్క కోటే పడుతుంది. రెండు పడుతున్నట్టు కనిపిస్తే ఎక్కడో తప్పు చేశారన్నమాట.

ఇది నేను డబ్బులు పెట్టి నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ల కిందట మా ఇద్దరు పిల్లలతో ఒక గుట్ట మీది కోటకు వెళ్లాం. ఊరి పేరు అనవసరం, తప్పు మాదే. చివరి బస్సు ఐదున్నరకని తెలుసు. అయినా పైనుంచి పొద్దు గుంకడం చూద్దామని మా ఆయన అన్నారు, నేనూ తల ఊపాను. దిగేసరికి ఆరు దాటింది. టీ కొట్టు ఆయన గ్లాసులు కడుక్కుంటూ, "ఇంకో బస్సా? ఉంది, రేపు పొద్దున" అన్నాడు. చీకట్లో నాలుగు కిలోమీటర్లు నడిచాక వెనక నుంచి పత్తి ట్రాలీ ఒకటి వచ్చింది. డ్రైవరు మనసున్నవాడు, ఎక్కించుకున్నాడు. పత్తి మీద వెల్లకిలా పడుకుని చుక్కలు లెక్కపెడుతూ మా పిల్లలు మెయిన్ రోడ్డు దాకా వచ్చారు. ఇప్పుడు అడిగితే ఆ కోట పేరు ఇద్దరికీ గుర్తులేదు. ట్రాలీ మాత్రం నిన్న ఎక్కినట్టు చెబుతారు. సరే, అందరికీ పత్తి ట్రాలీ దొరకదు. అందుకని అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు. చివరి బస్సు మనది కాదు, దాని ముందుది మనది. చివరిది దేవుడిది.

బస్సు వేళలు ఎంక్వైరీ కిటికీ దగ్గర ఒకసారి, మిమ్మల్ని దింపిన బస్సు కండక్టరును ఇంకోసారి అడగండి. రెండూ ఒకటే అయితే నమ్మండి. తేడా వస్తే కండక్టరు మాటే పట్టుకోండి. గోడ మీది పట్టికలో ఎప్పుడో రంగుతో రాసిన అంకెలుంటాయి, ఆయన ఆ దారిలో రోజూ తిరిగే మనిషి.

ఇక మీ నాలుగు కోటల్లోంచి రాచకొండను ఈసారికి తీసేయండి. నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే నాలుగింటిలో కథ బలంగా ఉన్నది దానికే. కాకతీయుల పతనం తర్వాత రేచర్ల పద్మనాయకులు రాజధానిగా చేసుకున్న చోటు అది. చుట్టూ గుట్టలు, ఆ గుట్టల మడతల్లో కోట. శత్రువుకు సులువుగా దొరకకూడదని అక్కడ కట్టారు. ఆరు వందల ఏళ్లు దాటినా బస్సులో వెళ్లేవాళ్లకు అలాగే దొరకకుండా ఉంది. సంస్థాన్ నారాయణపురం దాకా ఎలాగో చేరినా, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. ఆ ఆటో ఆయన్నే సాయంత్రం దాకా ఆపుకోవాలి. లోపల దుకాణం ఉండదు, దారి చెప్పేవాళ్లు అరుదు. ఏడేళ్ల పిల్లవాడితో, మోకాళ్ల నొప్పుల మనిషితో అది పని కాదు. తెలిసినవాళ్ల బండి దొరికినప్పుడు వెళ్లండి. పానగల్ అన్నా అంతే. నేను చెప్పేది మీ ఊరి పక్కన ఛాయా సోమేశ్వరం ఉన్న పానగల్లు కాదు, వనపర్తి వైపు కొండ మీదున్న కోట. విజయనగర మొదటి దేవరాయల సేనలు, బహమనీ ఫిరోజ్ షా సేనలు ఆ కోట కోసం తలపడితే ఫిరోజ్ షా ఓడిపోయాడు. బాబుకు ఈ కథ ఇంట్లోనే చెప్పండి, చాలు.

మిగిలిన మూడూ బస్సువాళ్ల కోటలు. మూడింటికీ ఊరు ఆనుకునే ఉంది. బస్టాండు ఉంది, టిఫిను దొరుకుతుంది, మందుల దుకాణం ఉంది, చీకటి పడితే మనుషులుంటారు.

ముందు దేవరకొండకు వెళ్లండి. సెలవులు మొదలైన రెండో రోజో మూడో రోజో. మీకు దగ్గర, గుర్రంపోడు, కొండమల్లేపల్లి మీదుగా పూటలో చేరిపోతారు. రాచకొండ, దేవరకొండ - రేచర్లవారి రెండు శాఖలకు ఇవి రెండు పీఠాలు. రాచకొండ చూడలేకపోయినా దాని తోబుట్టువును చూసినట్టే అవుతుంది. సురగిరి అని పాత పేరు. మీ బాబు బొమ్మల్లో చూసిన కోటలాగా ఒక్క గుట్ట మీద నిలబడి ఉండదు, ఏడు గుట్టలను కలిపి చుట్టిన గోడ. కింద నిలబడి చూస్తే ఆ గోడ ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కుతూ కనిపిస్తుంది. గోడలో ఒక రాయి దగ్గర ఆగి, రెండు రాళ్ల మధ్య సందులో గోరు దూర్చి చూడమనండి వాడిని. దూరితే ఎంత దూరింది, దూరకపోతే ఎందుకు దూరలేదు - అరగంట గడిచిపోతుంది, మీరేమీ చెప్పనక్కర్లేదు.

అంతా చూడాలని పట్టు పట్టకండి. వానలు వెళ్లిన కొత్తలో గడ్డి నడుము దాకా ఉంటుంది. నడిచి నడిచి తేరిన బాట ఎంతవరకు ఉందో అంతవరకే వెళ్లండి. చెప్పులు వద్దు, బూట్లు. పిల్లలకు పొడుగు ప్యాంట్లు. మీ వారి చేతిలో ఒక కర్ర. పాముకు కర్ర చప్పుడు చాలు. ఇక అత్తమ్మ సంగతి. ఆ రోజుల్లో ఆ గుట్టల మొదట్లో ఏమి పూసి ఉంటుందో ఆమెకు మీరు చెప్పాలా? గునుగు, తంగేడు. బతుకమ్మ రోజుల్లో అంగడిలో కట్టకు ఇంత అని కొనుక్కునే పువ్వు అక్కడ ఊరికే ఊగుతూ ఉంటుంది. మొదటి ద్వారం దాకా మెల్లగా నడిపించి, నీడలో కూర్చోబెట్టి, చేతికి ఒక సంచి ఇవ్వండి. కోట చూసి దిగేసరికి సంచి నిండి ఉంటుంది, మోకాళ్ల మాట మరిచిపోయి ఉంటుంది.

అయితే ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు? మీ ఉత్తరంలో ప్రశ్న బస్సుల గురించే కానీ నా కన్ను ఆగింది ఇంకో వాక్యం దగ్గర: "నేను కింద కూర్చుంటాను, అది ఫర్వాలేదు." ఫర్వాలేదు అన్నది మీరు. మీ వారిని అడిగారా, ఆయనకు ఫర్వాలేదేమో? ముందు మీరు పిల్లలతో ఎక్కండి, ఆయన తల్లి దగ్గర కూర్చుంటారు. గంట తర్వాత మీరు దిగితే, ఆయన బాబును తీసుకుని మళ్లీ వెళతారు. వాడికి రెండుసార్లు ఎక్కడం పండగ. ముందు ఎక్కేది మీరే కావడం ముఖ్యం. రెండో వంతు పెట్టుకుంటే ఎండ ముదిరిందనో, బస్సు వేళ అయిందనో అది ఎగిరిపోతుంది. ఆడవాళ్ల వంతులు ఎప్పుడూ రెండోవే, ఎగిరిపోయేవీ అవే.

తిరుగు ప్రయాణంలో దేవరకొండలో బస్సు తప్పినా కంగారు పడకండి. కొండమల్లేపల్లి కూడలి దాకా ఏ బండి దొరికినా ఎక్కండి. హైదరాబాద్ - సాగర్ రోడ్డు అక్కడే తగులుతుంది, మనుషులూ బస్సులూ ఆగే చోటు.

గద్వాల తర్వాతి ప్రయాణం, దీనికి మూడు రోజులు కేటాయించండి. ఒక రోజు మహబూబ్‌నగర్ చేరడానికే. నేరుగా వెళ్లే బస్సు మీ వేళకు దొరికితే సరే. లేకుంటే దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల - మారుకుంటూ వెళ్లవచ్చు. మారడం పెద్దవాళ్లకు చిరాకే కానీ ఒక మేలుంది, ప్రతి రెండు గంటలకూ బస్టాండులో కాళ్లు చాపుకోవచ్చు, మరుగుదొడ్డికి వెళ్లవచ్చు. ఆ పని అయ్యాకే కోటకు వెళ్లాలని ఆడవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదనుకుంటాను. ఏ రాజూ ఆ సంగతి ఆలోచించి కట్టలేదు, ఇప్పటివాళ్లూ అంతగా పట్టించుకోలేదు. నీళ్లు తాగకుండా ఎక్కుదాం అనే పాత ఉపాయం మాత్రం వద్దు. ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు. దారిలో సీతాఫలాలు కనిపిస్తే కొనండి, దసరా నుంచి దీపావళి దాకా పాలమూరు వైపు వాటి రోజులే. కానీ పండినవి బస్సులో పెట్టుకోకండి. కాయలుగా కొని ఆడబిడ్డ ఇంట్లో మాగబెట్టుకోండి. సంచిలో పండు చితికితే ఏమవుతుందో నేను ఒక కొత్త చీర సాక్షిగా చెప్పగలను.

మరునాడు పొద్దున్నే మహబూబ్‌నగర్ నుంచి రైలు. కర్నూలు వైపు వెళ్లే బండ్లు గద్వాలలో ఆగుతాయి. సికింద్రాబాద్ - కర్నూలు మధ్య తిరిగే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ అందులో ఒకటి. జనరల్ టికెట్టు కౌంటరులోనే తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడే తిరుగు రైలు వేళ రాసుకోండి. వనపర్తి రోడ్ స్టేషను దాటాక పిల్లలను కిటికీ పక్కకు జరపండి. గద్వాల వచ్చే ముందు రైలు కృష్ణను దాటుతుంది. వానాకాలం చివర కాబట్టి నీళ్లుంటాయి. వంతెన మీద చక్రాల చప్పుడు మారిపోతుంది, గలగల పోయి బోలుగా మోగుతుంది. మీ పాప ఫోను దించేది అక్కడే, పందెం. నది దాటితే మీరు నడిగడ్డలో ఉన్నట్టు. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, మధ్య నేల. ఆ పేరు ఎందుకు వచ్చిందో పటం చూపించి వాళ్లనే చెప్పమనండి.

గద్వాల కోట మీ అత్తమ్మ కోట. గుట్ట లేదు, మెట్లు లేవు. ఊరి నడుమ చదును నేల మీద, సుమారు 300 ఏళ్ల కిందట సోమనాద్రి అని జనం చెప్పుకునే సోమభూపాలుడు కట్టించింది. లోపల చెన్నకేశవ స్వామి గుడి. స్టేషను నుంచి ఆటోలో నేరుగా కోట వాకిట్లో దిగవచ్చు. ఈ రోజుకు ఆమెను పెద్దరికంలో పెట్టండి. ముందు గుడి, ఆమెకు తృప్తి అయ్యేదాకా. తర్వాతే కోట. దేవరకొండలో ఆమె మీ కోసం కూర్చుంది కాబట్టి ఇక్కడ మీరు ఆమె కోసం కూర్చోండి.

బాబును మాత్రం ముందే సిద్ధం చేయాలి. "ఇదేనా కోట?" అంటాడు. మట్టి గోడలు, కూలిన చోట్లు, మధ్యలో డిగ్రీ కాలేజీ, సైకిళ్లు, కాలేజీ పిల్లలు. బురుజుల మీద తోపులు, భటులు ఊహించుకున్న పిల్లవాడికి నిరాశే. రాజులు పోయాక కోటలకు పట్టే గతులు రెండు. ఒకటి దేవరకొండలా గడ్డి మొలవడం, రెండోది గద్వాలలా బడి కావడం. వనపర్తి రాజావారి భవనం కూడా పాలిటెక్నిక్ అయింది. నాకైతే రెండో గతే నచ్చుతుంది. ఈ సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరుండేది, పండితులను పిలిచి సన్మానించేవారు. ఇవాళ అక్కడ పిల్లలు పరీక్ష ఫీజు గురించి మాట్లాడుకుంటూ తిరుగుతుంటే ఆ పేరు పూర్తిగా పోలేదనిపిస్తుంది.

మధ్యాహ్నం ఎండకు కోటలో తిరగకుండా మగ్గం చూడటానికి వెళ్లండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు పోగులు ఒకే చీరలో ఎలా కలుస్తాయో మగ్గం పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. నేసేవాళ్లు అడిగితే చూపిస్తారు, పనికి అడ్డం రాకుండా ఉంటే చాలు. మీ పాప ఇక్కడ మీకంటే ఎక్కువసేపు నిలబడుతుందని నా అనుమానం. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొనకపోతే ఆమె పెళ్లి దాకా ఆ మాట వింటూనే ఉంటారు కాబట్టి, మీ వారికి ముందే చెవిన వేసి ఉంచండి.

అత్తమ్మ అలంపురం మాట ఎత్తుతుంది. నవరాత్రుల్లో జోగులాంబ దగ్గర జనం ఎలా ఉంటారో ఆమెకూ తెలుసు. ఆ రోజుల్లో వద్దని, కార్తీకం తర్వాత ప్రత్యేకంగా తీసుకెళ్తామని మాట ఇవ్వండి. ఇచ్చాక నిలబెట్టుకోండి. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి, పరుగు మీద చూసేవి కావు.

మూడో రోజు మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు మీ ఆడబిడ్డను వెంట తీసుకురండి. బతుకమ్మకు ఆడపిల్ల పుట్టింటికి రావాల్సిందే, ఎలాగూ ఎవరో ఒకరు వెళ్లి పిలవాలి కదా. మీరే పిలిచినట్టవుతుంది, ఐదుగురూ వెళ్లి పిలిచారన్న గౌరవం ఆమెకు దక్కుతుంది. ఇందులో మీ స్వార్థమూ ఉంది. కూతురు ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ మీ అత్తమ్మ ఒంటరి కాదు. తల్లీకూతుళ్లకు చెప్పుకోవాల్సినవి ఉంటాయి, మీరు పక్కన లేకపోవడమే వాళ్లకు సుఖం. ఆ రోజుల్లో ఒక రోజు భువనగిరికి వెళ్లండి, నలుగురే. అక్కడ వంతులు లేవు. మీరు ఎక్కుతున్నారు, శిఖరం దాకా.

ఎందుకంటే భువనగిరి అత్తమ్మకు కుదరదు. అది మొత్తం ఒకే రాయి. సుమారు 500 అడుగుల ఎత్తు, పక్క నుంచి చూస్తే తొండం ముడుచుకుని పడుకున్న ఏనుగు. కింద మెట్లు, పట్టుకోవడానికి కడ్డీలు, పైకి వెళ్లేకొద్దీ నున్నటి బండ. చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ పేరుతో త్రిభువనగిరి అయి, పలకగా పలకగా భువనగిరి అయింది. సర్వాయి పాపన్న పట్టుకున్న కోటల్లో ఇదొకటి. ఇవన్నీ బాబుకు. పాపకు వేరే మాట చెప్పండి. మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల కొండలెక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరి బండ మీదే. మీ పాపకు 12. ఇంకేమీ జోడించకండి, ఉపదేశం వినబడితే ఫోను మళ్లీ పైకి వస్తుంది.

నల్లగొండ నుంచి చిట్యాల, వలిగొండ మీదుగా బస్సులో వెళ్లండి. నల్లగొండలో రైలు ఉంది కదా అని కొందరు స్టేషనుకు వెళతారు. ఆ లైను పగిడిపల్లి దగ్గర కాజీపేట లైనులో కలిసి బీబీనగర్ వైపు తిరిగిపోతుంది, భువనగిరి వెనకే ఉండిపోతుంది. కోట బస్టాండుకు దూరం కాదు, ఆటో మాట్లాడుకుంటే సరి. పొద్దున ద్వారం తీయగానే ఎక్కడం మొదలుపెట్టండి. మధ్యాహ్నానికి ఆ బండ పెనంలా కాలుతుంది, చెయ్యి ఆనించలేరు. ముందు రాత్రి వాన పడి ఉంటే ఆ రోజు మానుకోండి, తడి బండ మీద నాచు ఎవరి వయసూ చూడదు. యాదగిరిగుట్ట పక్కనే కదా, అదీ చూసి వద్దాం అంటారు మీ వారు. దర్శనం వరుస ఎంతసేపో ఎవరి చేతిలోనూ ఉండదు, తిరుగు బస్సు లెక్క అక్కడే తెగిపోతుంది. పైగా అత్తమ్మను ఇంట్లో పెట్టి గుట్టకు వెళ్లి వచ్చారని తెలిస్తే ఏడాది పాటు మీకు మనశ్శాంతి ఉండదు.

డబ్బుల సంగతి ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే ఇది తేలిక భాగం. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కండక్టరు సున్నా అంకె ఉన్న కాగితం కొట్టి ఇస్తాడు, దాన్ని పారేయకండి, తనిఖీలో అడుగుతారు. మీరు, అత్తమ్మ, పాప - ముగ్గురు సున్నా. మీ వారికి పూర్తి టికెట్టు, బాబుకు సగం. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం అందరికీ కొనాల్సిందే, ముందు వచ్చింది కదా అని తొందరపడి ఎక్కకండి. పల్లెవెలుగు ప్రతి చెట్టు కిందా ఆగుతుంది, కాబట్టి దూరాలకు ఎక్స్‌ప్రెస్ కోసం కాసేపు ఆగినా నష్టం లేదు. రాష్ట్రంలో చిరునామా ఉన్న ఆధార్ కార్డు అసలుది వెంట ఉంచుకోండి. అత్తమ్మ కార్డు అత్తమ్మ దగ్గర కాదు, మీ దగ్గర. రైల్లో ఈ సౌకర్యం లేదు, అక్కడ ఆడామగా అందరికీ టికెట్టే.

రోజులు ఎంచుకోవడంలో జాగ్రత్త. సెలవులు ఇచ్చిన మొదటి రోజు, సద్దుల బతుకమ్మకు, దసరాకు అటూ ఇటూ రెండేసి రోజులు, సెలవులు ముగిసే ఆదివారం - ఈ రోజుల్లో బస్సులో నిలబడటానికి కూడా చోటుండదు. మధ్య రోజుల్లో బస్సులు ఊపిరి పీల్చుకుంటాయి. పండగకు ముందు దేవరకొండ, గద్వాల అయిపోతాయి. పండగ అయ్యాక, ఆడబిడ్డ ఉండగానే, భువనగిరి.

తిండి ఇంటి నుంచే. పులిహోర మధ్యాహ్నం దాకా ఆగుతుంది, పెరుగన్నం ఆ ఎండకు పులుస్తుంది. ఎలాగూ బతుకమ్మకు సత్తుపిండి, మలీద చేస్తారు కదా, ఒక డబ్బాలో వేసుకోండి. అరచేతిలో పట్టే ఉండ ఒకటి కోట మీద పిల్లవాడికి భోజనంతో సమానం. మూత గట్టిగా ఉన్న డబ్బా, నోరు మూసిన సంచి. చేతిలో కవరు గలగలమంటే కోతులు చూసి ఊరుకోవు.

మహబూబ్‌నగర్ దగ్గరి కోయిల్‌కొండ గురించి మీరు అడగలేదు కానీ అక్కడికి వెళ్లాక మీ ఆడబిడ్డ భర్త అడుగుతారు. కుతుబ్‌షాహీల సరిహద్దు కోట, ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో గద్దె ఎక్కడానికి అక్కడ కోట కాపలా కాసే నాయకవాడి సైనికులు అండగా నిలిచారు. ముళ్ల పొదలు, ఒకదాని తర్వాత ఒకటి ద్వారాలు, కష్టమైన ఎక్కుడు. బాబుకు పనికి వస్తుందో రాదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరే కొలిచి చెప్పాలి. కొలవడానికి మీ ఊళ్లోనే లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది. వచ్చే ఆదివారం పొద్దున బస్సు కోసం చూసే పని లేకుండా నలుగురూ గుట్ట ఎక్కండి. బాబు ఎక్కడ ఆగాడు, ఎన్నిసార్లు నీళ్లు అడిగాడు, పైకి చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టింది - ఒక కాగితం మీద రాయండి. దిగేటప్పుడు మీ మోకాళ్లు ఏమంటున్నాయో కూడా, అత్తమ్మవి కాదు, మీవి. ఆ కాగితం పంపండి, కోయిల్‌కొండ మాట అప్పుడు చూద్దాం.